జేజినాయన అవధానానికి పోయినాడు

మా ప్రొద్దుటూరు పేరు చెప్పగానే బయటివాళ్లకు బంగారం అంగళ్లు గుర్తుకొస్తాయి. దసరాలో ఎప్పుడైనా వచ్చి చూసినవాళ్లకు అమ్మవారిశాల గుర్తుకొస్తుంది. నాకు మాత్రం అన్నిటికన్నా ముందు అవధానం గుర్తుకొస్తుంది. దుర్భాక రాజశేఖర శతావధాని, గడియారం వేంకట శేషశాస్త్రి మెలిగిన ఊరు ఇది. ఆ తర్వాతి తరంలో సి.వి. సుబ్బన్న శతావధాని కూడా ఇక్కడే ఉండేవారు. పద్యం పండితుల సొత్తు అనుకునే ఊరు కాదు మాది. మా జేజినాయన, అంటే తాత, పత్తి అంగట్లో గుమాస్తా. బడి చదువు నాలుగైదు తరగతులకు మించి లేదు. అయినా ఊళ్లో అవధానం ఉందంటే ఆ సాయంత్రం లెక్కల పుస్తకం తొందరగా మూసేసి, ఇంటికొచ్చి మొహం కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరేవాడు. వెంట నేను. అన్నకు పద్యాలంటే పట్టేది కాదు, వాడు గోలీలాడుకోవడానికి పోయేవాడు.

పద్యాల అర్థం తెలిసే వయసు కాదు నాది. వేదిక మధ్యలో అవధాని, చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఒకాయన పొంతన లేని నాలుగు మాటలిచ్చి వాటితో పద్యం చెప్పమంటాడు. ఇంకొకాయన అక్షరం అక్షరానికీ అడ్డుపడి ఫలానాది వాడకూడదంటాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన లేచి సందర్భం లేని ప్రశ్నలతో అవధాని దృష్టి మళ్లించాలని చూస్తాడు. ఒక మూల నుంచి గంట మోగుతుంటుంది. ఎన్నిసార్లు మోగిందో ఆఖర్న చెప్పాలి. అవధాని ఒక్కొక్కరికి ఒక్క పాదం మాత్రం చెప్పి పక్కాయన దగ్గరికి పోతాడు. నాలుగు చుట్లు తిరిగితే గానీ ఏ పద్యమూ పూర్తి కాదు. కాగితం లేదు, కలం లేదు.

అంతా అయ్యాక ధారణ. అన్ని పద్యాలనూ మొదటి నుంచి వరసగా అప్పజెప్పడం. ధారణ మొదలు కాగానే జేజినాయన ముందుకు వంగి కూర్చునేవాడు. అవధాని గొంతుతో పాటే ఆయన పెదాలు కదిలేవి. ఇంటికి నడిచొస్తూ ఆ రోజు విన్న పద్యాల్లో ఒకటి తానే చదివి, "చూసినావా అమ్మీ, మనిషి తలకాయలో ఎంత జాగా ఉండాదో!" అనేవాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఇప్పుడు నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. సిలబస్‌లో ఎన్నో పాఠాలున్నాయి గానీ మెదడు పాఠం వచ్చినప్పుడు మేడం గొంతే మారిపోతుందని పిల్లలు అంటుంటారు.

జాగా సంగతికి వస్తే, మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక్కో కణానికి ఇరుగుపొరుగు కణాలతో వేల కొద్దీ సంధులు. ఇంత ఉన్నా, అప్పటికప్పుడు మనసులో పట్టుకోగలిగింది చాలా కొంచెం. 1956లో జార్జ్ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆ లెక్క ఏడుకు కొంచెం అటూ ఇటూ అన్నాడు. తర్వాత వచ్చినవాళ్లు నాలుగే అన్నారు. ఫోనుకు వచ్చిన ఓటీపీని టైప్ చేసేలోపు ఎవరైనా పలకరిస్తే మళ్లీ చూసుకోవాల్సి రావడం అందుకే. మరి గంటల తరబడి అవధాని అన్ని పాదాలను ఎట్లా పట్టుకుంటాడు? పొంతన లేని విడివిడి అక్షరాలు ఎనభై గుర్తుపెట్టుకోమంటే మామూలుగా మన వల్ల కాదు. ఉత్పలమాలలో నాలుగు పాదాలకూ కలిపి ఉండేది సరిగ్గా ఎనభై అక్షరాలే. కానీ దానికొక నడక ఉంది. పదో అక్షరం దగ్గర యతి పడుతుంది, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరానికి జత కుదరాలి. మొదటి పాదంలో రెండో అక్షరం ఏ హల్లయితే మిగతా మూడు పాదాల్లోనూ అదే హల్లు రావాలి. అంటే మొదటి పాదం నోటికొస్తే తర్వాతి పాదాల ఆనవాళ్లు ముందే దొరికినట్టు. చిన్న చిన్న ముక్కలను కలిపి ఒక్కటిగా చేసుకుంటే మెదడుకు బరువు తగ్గుతుందని మిల్లర్ చెప్పిన మాటకు ఇంతకన్నా గొప్ప ఉదాహరణ నాకింకొకటి కనబడలేదు. ఛందస్సు చెవికి ఇంపు కోసమే పుట్టిందని నేననుకోను. రాత లేని కాలంలో మాటలను కాపాడుకోవడానికి కూడా పుట్టిందని నా నమ్మకం.

మా పాత ఇల్లు మట్టి మిద్దె. కింద నాపరాళ్లు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద మందంగా చవుడు. ఎండాకాలం రాత్రుళ్లు మిద్దె మీద నీళ్లు చల్లి, వేడి దిగాక ఈతచాపలు పరిచేవాళ్లం. జేజి ఒక పక్క వక్కాకు నములుతూ కథ చెప్పేది. జేజినాయన ఇంకో పక్క ఎక్కాలు ఒప్పజెప్పించుకునేవాడు. పడుకునేముందు ఒకసారి, తెల్లారి లేచినాక ఒకసారి, రెండు రోజులు పోయినాక మళ్లీ ఒకసారి. ఇది ఆయన పద్ధతి. ఒకే రాత్రి పదిసార్లు చెప్పించేవాడు కాదు. "ఒకేసారి కుక్కితే నిలవదు అమ్మీ" అనేవాడు.

ఎక్కడా చదవకుండా ఆయన పట్టుకున్న ఈ సంగతిని 1885లోనే ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తనే ప్రయోగాలు చేసుకుని రాశాడు. అర్థం లేని అక్షరాల జట్లు బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్క వేసుకున్నాడు. నేర్చుకున్న మొదటి కొన్ని గంటల్లోనే మరుపు ఎక్కువ. విడతలు విడతలుగా చదివితే తక్కువ శ్రమతోనే నిలుస్తుంది. ఇది కణాల స్థాయిలో ఎట్లా జరుగుతుందో చూపినందుకు ఎరిక్ కాండెల్‌కు 2000లో నోబెల్ వచ్చింది. ఆయన ఎంచుకున్నది ఎప్లీసియా అనే సముద్రపు ప్రాణి, చిప్ప లేని నత్తలాగా ఉంటుంది. దాని ఒంట్లో నాడీకణాలు సుమారు 20,000 మాత్రమే. ఒకసారి తోక మీద షాక్ ఇస్తే అది కొన్ని నిమిషాల పాటు ఏది తాకినా గట్టిగా ముడుచుకుంటుంది. ఎడం ఇచ్చి మళ్లీ మళ్లీ ఇస్తే ఆ జాగ్రత్త రోజుల తరబడి, వారాల తరబడి ఉంటుంది. మొదటి రకంలో ఉన్న సంధులే కాసేపు బలపడతాయి. రెండో రకంలో కణం లోపల జన్యువులు పని మొదలుపెడతాయి, కొత్త ప్రోటీన్లు తయారవుతాయి, కొత్త సంధులు మొలుస్తాయి. పదమూడో ఎక్కం నాకు వచ్చిందంటే నా తల లోపల నిజంగానే ఏదో కొత్తగా పెరిగిందన్నమాట. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడు ఒక్క నిమిషం క్లాసంతా నిశ్శబ్దమైపోతుంది. నాకు చాలా ఇష్టమైన నిమిషం అది.

రాత్రి చదివి పడుకోవడంలో కూడా అర్థముంది. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే ఇద్దరు ఎలుకల మెదళ్లను గమనించారు. పగలు తిరిగేటప్పుడు కలిసి పనిచేసిన కణాలు, ఎలుక నిద్రపోయాక మళ్లీ కలిసి పనిచేస్తున్నాయి. పగటి దారిని మెదడు నిద్రలో ఇంకోసారి నడుస్తోంది. మిద్దె మీద మేం నిద్రపోయాక మా తలల్లో జేజి కథలు కూడా అట్లాగే తిరిగేవేమో.

ఈ పని జరిగే చోటు హిప్పోక్యాంపస్. రెండు కణతల లోపల, లోతుగా, చెరొక పక్క ఒకటి ఉంటుంది. దాని విలువ ప్రపంచానికి ఒక మనిషి జీవితం వల్ల తెలిసింది. హెన్రీ మొలైసన్ అమెరికాలో ఒక యువకుడు. మూర్ఛ తట్టుకోలేక 1953లో, 27 ఏళ్ల వయసులో ఆపరేషన్ చేయించుకున్నాడు. డాక్టర్ విలియం స్కోవిల్ రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగాన్ని, దాని చుట్టుపక్కల కొంత భాగాన్ని తీసేశాడు. మూర్ఛలు తగ్గాయి. తెలివి తగ్గలేదు, మర్యాద తగ్గలేదు. కానీ ఆ రోజు తర్వాత కలిసిన మనిషి గది దాటి వెళ్లి తిరిగొస్తే మళ్లీ కొత్త మనిషే. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఆయన్ను పరీక్షించింది. ప్రతిసారీ కొత్తగా పరిచయం చేసుకోవాల్సి వచ్చేది. ఆమే ఇంకొకటి కూడా కనిపెట్టింది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ చుట్టూ గీత గీయమంటే హెన్రీకి రోజురోజుకూ చెయ్యి తిరిగింది. నిన్న చేసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. అంటే చేతికి ఒక జ్ఞాపకం, మనసుకు వేరొక జ్ఞాపకం ఉన్నాయి. రెండూ మెదడులో వేరువేరు దారులు. 2008లో ఆయన చనిపోయేవరకు శాస్త్ర పత్రికలు ఆయన్ను హెచ్.ఎం. అనే రెండక్షరాలతోనే పిలిచాయి.

ఈ పాఠం చాలాకాలం నాకు పుస్తకంలో పాఠమే. జేజినాయన పోయిన కొన్నేళ్లకు అది మా ఇంట్లోకి వచ్చింది.

మొదట జేజి పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. వయసు కదా అనుకున్నాం. తర్వాత అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే "అమ్మీ, ఇంగా అన్నం పెట్టలేదే" అని అడగడం మొదలుపెట్టింది. కర్నూలుకు తీసుకుపోతే డాక్టరు స్కానింగ్ చూసి అల్జీమర్స్ అన్నాడు. 1906లో అలోయిస్ అల్జీమర్ అనే జర్మన్ డాక్టరు మొదటిసారి వివరించిన జబ్బు అది. హిప్పోక్యాంపస్, దాని పక్కనుండే భాగం ముందుగా దెబ్బతింటాయి. కొత్త సంగతులు లోపలికి పోయే దారి అదే కాబట్టి నిన్నటివి మొదట పోతాయి. పాతవి ఏళ్లు గడిచేకొద్దీ మెదడు పైపొరల్లో అక్కడక్కడ పాతుకుపోయి ఉంటాయి, అవి చాలాకాలం నిలుస్తాయి. ఇదంతా బోర్డు మీద గీసి చెప్పినదాన్నే. అయినా జేజి నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు, ఎవరింటి బిడ్డవు?" అన్నప్పుడు ఆ బొమ్మ ఏమీ ఆసరా ఇవ్వలేదు.

నా పేరు పోయింది గానీ వేమన పద్యాలు పోలేదు. ఒక పాదం నేను అందిస్తే మిగతా మూడూ తడుముకోకుండా చదివేది. జేజికి బడి ముఖం తెలియదు. చిన్నప్పుడు వాళ్ల నాయన నోటినుంచి నేర్చుకున్నవి. ఉగాదికి అమ్మ ఓళిగలు చేస్తుంటే జేజిని పక్కన కూర్చోబెట్టి పిండి ముద్ద చేతికిచ్చాం. పూర్ణం పెట్టి, మూసి, ఆకు మీద వేసి తట్టి, తిప్పింది. అంచు ఎక్కడా చిరగలేదు. పండగ ఏదో ఆమెకు తెలియదు. చేతులకు తెలుసు. నాకు హెన్రీ గీసిన నక్షత్రం గుర్తొచ్చింది.

వాసన సంగతి కూడా అప్పుడే కళ్లారా చూశాను. జేజి పాత వక్కాకు సంచి అలమారలో ఉండిపోయింది. అమ్మ దాన్ని దులిపినప్పుడు వక్క, సున్నం, పొగాకు కలిసిన వాసన వచ్చింది. జేజి గబుక్కున తల తిప్పి, వాళ్ల అమ్మ గురించి, పెండ్లిలో బండి ఇరుసు విరిగిన సంగతి గురించి చెప్పుకుంటూ పోయింది. చూపు, చప్పుడు, స్పర్శ మెదడు మధ్యలో ఉండే థాలమస్‌లో ఆగి పైకి పోతాయి. వాసన మాత్రం అక్కడ ఆగకుండా, భావోద్వేగాలు చూసుకునే అమిగ్డలాకు, హిప్పోక్యాంపస్ పక్కకు నేరుగా చేరుతుంది. ఆ తర్వాత అమ్మ ఆ సంచిని అలమారలో దాచలేదు, జేజి దిండు కింద పెట్టింది.

సాయంత్రమైతే ఒకటే ప్రశ్న. "మీ జేజినాయన యాడికి పోయినాడు? ఇంగా రాలేదే?" మొదట్లో నాయన నిజమే చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆమెకు అప్పుడే తెలిసినట్టు, అంత ఏడుపూ మళ్లీ మొదటినుంచి. పది నిమిషాలకు ఆ మాట పోయేది, దిగులు మాత్రం ముఖంలో ఉండిపోయేది. ఎందుకో తెలియకుండానే రాత్రంతా దిగులుగా ఉండేది. ఒకరోజు మా చిన్నాయన, "అవధానానికి పోయినాడు మా, పొద్దుపోతాది" అన్నాడు. జేజి ముఖం తేటపడింది. "అట్లనా. అయితే సంగటి మూతపెట్టి ఉంచండి, వచ్చి తింటాడు" అంది. ఆ రోజునుంచి మా ఇంట్లో అందరి జవాబూ అదే. జేజి పోయేంతవరకు జేజినాయన ప్రతి సాయంత్రం అవధానానికే పోయినాడు. అది అబద్ధమని నాకెప్పుడూ అనిపించలేదు.

మట్టి మిద్దె ఉన్నవాళ్లకు ఒక సంగతి తెలుసు. వానలకు ముందు ఏటా పైన కొత్త చవుడు పోసి తొక్కాలి. లేకపోతే ఉరుస్తుంది. మా ముత్తాత కట్టిన మిద్దె అని చెప్పుకుంటాం గానీ ఆయన పోసిన మట్టి కొట్టుకుపోయి ఎన్నాళ్లో అయింది. మిద్దె మాత్రం అదే. జ్ఞాపకం కూడా ఇట్లాగే బతుకుతుంది. సంధుల్లో ఉండే ప్రోటీన్లు రోజుల్లో, వారాల్లో పాతబడి మారిపోతూనే ఉంటాయి, జ్ఞాపకం దశాబ్దాలు ఉంటుంది. అంతే కాదు, తలుచుకున్నప్పుడల్లా అది కాసేపు మెత్తబడి మళ్లీ గట్టిపడుతుంది. 2000లో కరీం నాదర్ అనే శాస్త్రవేత్త ఎలుకల్లో దీన్ని చూపించాడు. ఎలుకకు ఒక పాత భయాన్ని గుర్తుచేసి, వెంటనే అమిగ్డలాలో ప్రోటీన్లు తయారు కాకుండా మందు ఇస్తే ఆ భయం తర్వాత కనిపించలేదు. గుర్తుచేయకుండా అదే మందు ఇస్తే భయం అట్లాగే ఉంది. తలుచుకోవడం అంటే మళ్లీ కట్టుకోవడమే.

కట్టేటప్పుడు కొత్త మట్టి కలుస్తుంది. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కార్ల ప్రమాదం సినిమా చూపించి, ఎంత వేగంగా తగిలాయని కొందరిని, ఎంత వేగంగా గుద్దుకుని నుజ్జయ్యాయని కొందరిని అడిగారు. నుజ్జు అనే మాట విన్నవాళ్లు వేగం ఎక్కువ చెప్పారు. వారం తర్వాత, పగిలిన అద్దాలు చూశామని చెప్పినవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. సినిమాలో పగిలిన అద్దమే లేదు.

ఇదంతా చదివాక మా అన్నతో నా పాత తగాదా నాకు కొత్తగా కనబడింది. పెన్న మా ఊరి పక్కనే ఉన్నా, చాలా ఏళ్లు అది ఇసుకే. పిల్లలు అడ్డంగా నడిచి దాటేవాళ్లు. నా చిన్నప్పుడు ఒక ఏడు మైలవరం ఆనకట్ట గేట్లు ఎత్తినారని తెలిసి ఊరు ఊరంతా ఏటి పక్కనుండే మా ఊరి రామేశ్వరం వైపు పోయింది. ఎర్రటి నీళ్లు, పొదలు కొట్టుకొస్తున్నాయి. ఆడోళ్లు పసుపు కుంకుమ తెచ్చి నీళ్లలో వేస్తున్నారు. వాళ్లలో జేజి కూడా ఉంది. ఆ హోరుకు నాకు భయమేసింది. భయం, అబ్బురం కలిసిన రోజు మెదడులో గట్టిగా పడుతుంది. అప్పుడు ఒంట్లో ఊరే అడ్రినలిన్ వంటివి అమిగ్డలాను కదిలిస్తాయి, అది పక్కనే ఉన్న హిప్పోక్యాంపస్ పనిని బలపరుస్తుంది. అందుకే ఆ వారంలో మిగతా రోజులు ఒక్కటీ గుర్తులేవు, అది మాత్రం ఉంది. జేజినాయన నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఆయన తలపాగా అంచు నా పిడికిట్లో ఉంది.

"జేజినాయన ఆ పొద్దు రానేలేదు పాపా, అంగట్లో ఉన్యాడు. నిన్ను ఎత్తుకునింది చిన్నాయన" అంటాడు అన్న. వాడికి చిన్నాయన చొక్కా రంగుతో సహా గుర్తుంది. చిన్నాయనను అడిగితే "ఏమో అమ్మీ, ఎవురు ఎత్తుకునింటే ఏం, పడలేదు కదా" అన్నాడు. తేల్చేవాళ్లు ఎవరూ లేరు. ఇద్దరిలో ఎవరిదో ఒకరిది మారింది, లేదా ఇద్దరిదీ మారింది. తలపాగా అంచు మాత్రం నేను వదిలిపెట్టను.

మొన్న సంక్రాంతికి అన్న కుటుంబంతో వచ్చాడు. రాత్రి మా పాప వాళ్ల మామ పిల్లలకు ఈ పెన్న కథే చెప్తోంది. దాని కథలో జేజినాయనా ఉన్నాడు, చిన్నాయనా ఉన్నాడు. నీళ్లలో ఒక ఎనుము కొట్టుకొస్తోంది. అన్నా నేనూ ఒకేసారి తలెత్తాం. ఎనుము సంగతి మేమెప్పుడూ చెప్పలేదు.

"ఎనుము యాడిది పాపా?" అన్నాడు అన్న.

"పెద్దజేజి చెప్పింది మామా. నేను పక్కన కూర్చుంటే చెప్పేది."

అన్నం తిన్న సంగతి గుర్తులేని రోజుల్లో జేజి దానికి ఆ కథ చెప్పింది. అన్న కాసేపు ఆలోచించి, "అవును, ఎనుము ఉన్నింది. కొమ్ములు కనపడతాన్నెయ్యి" అన్నాడు. నాక్కూడా ఇప్పుడు ఆ కొమ్ములు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అది అవతలి గట్టుకు ఎక్కిందని అన్న అంటున్నాడు. ఇవతలికే వచ్చింది, నేను చూశాను.